సుగుణ మేడం వాగు

పెద్దపల్లి దాటుతుండగా బస్సు కిటికీలోంచి పులిసిన గంజి వాసన వస్తే నాకిక కూర్చోబుద్ధి కాదు. ఎక్కడో ఉప్పుడు బియ్యం మిల్లు నీళ్లు వదులుతున్నదన్నమాట. పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం వాగు ఎటుందోనని మెడ చాచి వెతుకుతాను. ఈ అలవాటు నాకు సుగుణ మేడం దగ్గర అంటింది. ఆమె జీవశాస్త్రవేత్త. ఈ జిల్లాల వాగులు, కుంటలు చెడిపోకుండా చూడడం ఆమె ఉద్యోగం. అప్పట్లో నేను ఆమె కింద కొత్తగా చేరినదాన్ని.

చేరిన రోజే నన్ను వాగులోకి దింపారు. మోకాలి లోతు నీళ్లలో వంగి ఒక రాయి తిరగేశారు. దాని అడుగున సన్నని పురుగులు కదులుతున్నాయి. "గీ పురుగులు చెడ్డ నీళ్లల్ల ఉండయి. ఇవి ఉన్నయంటే వాగు పానం తోటి ఉన్నట్టే," అన్నారు. తర్వాత మిల్లు కాలువ వచ్చి కలిసే చోటికి నడిపించారు. అక్కడి రాళ్లు జిగటగా ఉన్నాయి. ఒక్క పురుగూ లేదు. ఆమె ఒక రాయి పెట్టి ఇంకో రాయి తీస్తూనే ఉన్నారు.

"చాలు మేడం," అన్నాను.

"జర ఆగు. ఒక్కటన్న దొరుకుతదేమో."

ఆమె రాసిన రిపోర్టుతో మిల్లు మూతపడింది. వారం తిరక్కముందే అక్కడ పనిచేసే ఆడవాళ్లు మా ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్లలో లచ్చవ్వ నేరుగా లోపలికే వచ్చి, "పురుగుల కోసమని మా నోటికాడి బువ్వ తీస్తవా అమ్మా?" అని అడిగింది.

"మీ బర్లు తాగేది గా వాగు నీళ్లే గదా లచ్చవ్వా," అన్నారు మేడం.

"తాగుతయి. మరి మా పిల్లలేం తినాలె?"

ఆ సాయంత్రమంతా మేడం గదిలో అటూ ఇటూ తిరిగారు. మర్నాటి నుంచి మిల్లు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. నీళ్లు శుద్ధి చేసే తొట్లు కట్టేందుకు యజమానిని ఒప్పించారు. అప్పటిదాకా లచ్చవ్వ వాళ్లకు పని ఇమ్మని మిగతా మిల్లులన్నిటినీ అడిగారు. కొందరికి దొరికింది, అందరికీ దొరకలేదు. ఈలోగా ఆమెను ఆదిలాబాద్‌కు బదిలీ చేశారు. అయినా సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చేవారు. ముందు మిల్లుకు, ఆ తర్వాతే వాగుకు.

తొట్లు పూర్తయి మిల్లు తెరిచేసరికి ఆమె రిటైరయ్యారు. వానాకాలం పోయాక ఇద్దరం వాగులోకి దిగాం. మిల్లు దిగువన, ఒక రాయి కింద పురుగులు కనబడ్డాయి. నేను సంతోషం పట్టలేక కేక వేశాను. ఆమె కూడా నవ్వారు కానీ, ఆ నవ్వు ముగియకముందే తలెత్తి అన్నారు: "మరి గా కింది కుంట సంగతేంది? మట్టి పోసి పూడుస్తున్నరంట గదా. పోదాం నడువు."

నిరుడు ఆసుపత్రిలో ఆమెను చూడబోయాను. గొంతు బాగా సన్నగిల్లింది.

"కుంట కాడికి పోయినవా?"

"నిన్న పోయిన మేడం. మట్టి పోసుడు ఆపిన్రు."

"నిన్నటిది కాదు. ఇయ్యాల ఎట్లున్నది?"

తెలియదన్నాను.

"మరి గీడ కూసుంటే ఎట్ల?" అని తలుపు వైపు చూశారు.

వెళ్లాను. నేను కుంట గట్టు మీద ఉండగానే ఆమె పోయారని ఫోన్ వచ్చింది.

కుంట ఆ రోజు బాగానే ఉంది. కానీ ఇప్పటికీ ఏ వాగు గురించైనా బాగుందని రాసి సంతకం పెట్టాక నాకు ఇంటికి పోబుద్ధి కాదు. అది నేను చూసినప్పటి మాట కదా అనిపిస్తుంది. మళ్లీ బయలుదేరుతాను.