గిర్ని జాగాలో కంప్యూటర్

మొన్న పొద్దున మా గల్లీలోకి పాత ఇనుప సామాను కొనే బండి వచ్చినప్పుడు మా ఆయన అటుక మీది నుంచి దుమ్ముపట్టిన రేకు డబ్బా ఒకటి దించి నా ముందు పెట్టాడు. దాన్ని చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. అప్పుడు మా ఆయన కొల్లాపూర్‌లో లెక్కల సారు. నేను జాకెట్లు కుట్టి కూడబెట్టిన పైసలు ఆయన చేతిలో పెట్టి, పట్నం పోయి పిండి గిర్ని తెమ్మని పంపి, ముందు అర్రలో దానికి జాగా చేసి, సున్నం కూడా వేయించి, ఇకమీదట మీ జొన్నలు నెత్తిన పెట్టుకుని బజారుదాకా పోవాల్సిన పని లేదని గల్లీలో ఆడవాళ్లందరికీ చాటుకున్నాను. ఆ మహానుభావుడేమో సాయంత్రం ఆటోలో ఐదారు అట్టపెట్టెలతో దిగాడు. గిర్నీల దుకాణం పక్కనే కంప్యూటర్ల దుకాణం ఉందట, లెక్కల సారుకు విడి సామాను బిగించుకోవడం ఎంతపని అని ఆ దుకాణంవాడు ఉబ్బించాడట, ఈయన ఉబ్బిపోయాడట!

నా గిర్ని జాగాలోనే ఆ సామానంతా పరిచి, రెండు నెలలు స్కూలు నుంచి రాగానే దాని ముందే కూర్చునేవాడు. ఒకనాడు మరమేకు మిగిలేది, ఒకనాడు తీగ చాలేది కాదు, ఒకనాడు కుయ్యికుయ్యిమని మొత్తుకుని ఊరుకునేది. నీళ్ల కాడ నిలబడితే చాలు, ఆడవాళ్లు నన్ను ఆడుకునేవాళ్లు.

"గిర్ని ఎప్పుడొస్తదక్కా? జొన్నలు పురుగులు పడుతున్నయ్!"

నా తల తీసేసినట్టయ్యేది. ఈ పగ తీర్చుకోకపోతే నేను మా అవ్వ మనవరాలినే కాదని ఒట్టు పెట్టుకున్నాను.

సద్దుల బతుకమ్మ నాడు నేను బతుకమ్మను సాగనంపి ఖాళీ తాంబాళంతో ఇంటికొచ్చేసరికి ఆ కంప్యూటర్ డబ్బా వెలిగింది. మా ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నాడు, పండుగకు నేను కట్టుకున్న చీర వైపైనా చూడలేదు. మర్నాడు ఆయుధపూజ. ఆయన స్నానానికి పోగానే, కత్తిపీటకూ కుట్టుమిషనుకూ బొట్లు పెట్టిన చేత్తోనే, ఇంకా మూత బిగించని ఆ డబ్బాకూ పసుపు రాసి, గుప్పెడు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి నీళ్లన్నీ ధారగా లోపల పోశాను. పనిముట్టుకు మొక్కితే తప్పేముంది? ఆయన వచ్చి స్విచ్చి వేయగానే టప్పుమని పేలింది. నా కడుపు చల్లబడింది. తాను ఏదో తీగ తప్పు కలిపానని ఆయన అందరికీ చెప్పుకుని, ఆ డబ్బాను అటుక ఎక్కించి, మళ్లీ మరమేకు ముట్టలేదు. ఉగాదికల్లా నా గిర్ని వచ్చింది.

మొన్న మూత తీస్తే లోపల నల్లబడిన కుంకుమ, ఎండిన కొబ్బరి ముక్క కనిపించాయి. నేను గతుక్కుమన్నాను. ఆయన నవ్వాడు.

"ఆనాడే తెల్సు నాకు. కొబ్బరినీళ్ల వాసన గూడ తెల్వదానే?"

"మరెందుకు అడగలే?"

"నీ గిర్ని పైసలు నేను ఆగం జేస్తి, నా డబ్బా నువ్వు ఆగం జేస్తివి. చెల్లుకు చెల్లు."

అప్పుడు వెలిగింది నాకు. గిర్ని వచ్చినప్పటి నుంచి ప్రతి ఆయుధపూజకూ ఆయనే స్విచ్చి తీసేసి, దానికి పొడి కుంకుమతో ఒక్క బొట్టు పెట్టి, కాయ మాత్రం వాకిలి గడప దగ్గర కొట్టి వచ్చేవాడు. నన్ను ఏనాడూ చెయ్యి పెట్టనివ్వలేదు. ముసలితనానికి భక్తి ముదిరిందని నేను నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు గల్లీలో అందరూ పాకెట్ పిండే కొంటున్నారు, జొన్నలు తెచ్చేవాళ్లు లేక గిర్ని మీద బియ్యం బస్తా పెట్టుకున్నాను. బండివాణ్ని ఉత్తచేతులతో పంపి, ఆ డబ్బాను గిర్ని పక్కనే పెట్టించాను. ఇన్నేళ్లూ పగ తీర్చుకున్నానన్న సంబరం ఒక్కటి నాకు మిగిలి ఉండేది, దాన్నీ లాగేసుకున్నాడు ముసలాయన.