రెండోసారి ఊడ్చిన ఆకులు

ఫెచ్చబురి ఊరి బౌద్ధ గుడిలో సుచిన్ భిక్షువు కన్నా ఆయన బొజ్జే ముందు నడుస్తుంది. మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టని మనిషికి ఇంత ఒళ్లెలా వచ్చిందని బజారంతా గుసగుసలు. "అన్నీ వదిలేశాను, ఇదొక్కటే నన్ను వదలడం లేదు" అని ఆయనే బొజ్జ నిమురుకుంటూ నవ్వుతాడు. భిక్షాపాత్రలో పడింది కాదనకూడదు మరి. మిఠాయి కొట్టు సమ్రాన్ రోజూ కొబ్బరిపాల జున్ను వేసి, "మా ఆయనకిది ప్రాణం స్వామీ. మీరు తింటే ఆయనకు ముడుతుంది" అంటుంది. ఆవిడ భర్త పోయింది చక్కెర జబ్బుతోనే. ఇప్పుడు సుచిన్‌కీ అదే జబ్బు. పరుగెత్తమన్నాడు డాక్టరు. కాషాయం కట్టి పరుగెడితే ఊరంతా వీడియో తీయడానికి ఫోన్లు పైకెత్తుతుంది. అందుకని చీపురు పట్టాడు. ఆవరణంతా ఊడ్చి, ఆకులు అయిపోతే, నింపిన బుట్టని నేల మీద బోర్లించి మళ్లీ ఊడుస్తాడు.

ఒక సాయంత్రం అది సమ్రాన్ కంటబడింది. "మీరు కూర్చుని తింటారని వాగే నోళ్లకి ఇది చూపించాలి స్వామీ!"

"అబ్బే, బొజ్జ కరగడానికమ్మా" అన్నాడాయన సిగ్గుపడి.

"అయ్యో, ఎంత వినయం!" అని ఆవిడ చేతులు జోడించింది.

మర్నాడు పాత్రలో రెండు పొట్లాలు పడ్డాయి. "ఒకటి మా ఆయనకి, రెండోది మీ కష్టానికి."

సుచిన్ రెండూ తిన్నాడు. ఆ సాయంత్రం బుట్ట రెండుసార్లు బోర్లించాడు.