జువ్వలదిన్నెలో చూడదగ్గవి

విజయభాస్కర్ జువ్వలదిన్నె రేవులో చేపల గంపలు మోసే ఆటో నడుపుతాడు. ఊరంటే అతనికి ప్రాణం. ఎవరైనా దాన్ని తీసిపారేస్తే ఆ పూట అన్నం సహించదు. అలా తీసిపారేసే మహానుభావుడు చుట్టాల్లోనే దొరికాడు. ఆయన విశాఖపట్నంలో ఉండే తోడల్లుడు సుశీల్ కుమార్.

నిరుడు విజయభాస్కర్, భార్య ఫేబీ విశాఖ వెళ్తే సుశీల్ కుమార్ ఊరంతా తిప్పాడు. జలాంతర్గామి లోపలికి తీసుకెళ్ళాడు, కైలాసగిరి ఎక్కించాడు, డాల్ఫిన్ నోస్ కొండ కనబడేలా నిలబెట్టి ఫోటో తీశాడు. సముద్రాన్ని తానే తవ్వించినట్టు, ప్రతిచోటా "మీ వైపు ఇలాంటిది ఉందా?" అని అడిగాడు. లేదు లేదని తల ఊపీ ఊపీ విజయభాస్కర్ మెడ నొప్పి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి జువ్వలదిన్నె వచ్చాడు. "మా బావ చేత ఒక్కసారైనా బాగుందనిపియ్యి. లేకుంటే ఈ జన్మలో నేను వాళ్ళ గడప తొక్కను" అని ఫేబీ తెగేసి చెప్పింది.

తెల్లారగానే విజయభాస్కర్ ఆటో తుడిచి ఆయన్ని ఎక్కించుకున్నాడు. రేవు గోడ చూపిస్తే "ఇంతేనా?" అన్నాడాయన. ఐసు ఫ్యాక్టరీలో తుమ్మాడు. చర్చి గంట మోగించి మరీ చూపిస్తే గడియారం చూసుకున్నాడు. విజయభాస్కర్ నీరుగారిపోయాడు. ఇక మిగిలింది చేపల వేలంపాట ఒక్కటే.

అక్కడ ధర అరిచేది పెంచల్. కొనేవాళ్ళు నోరు విప్పరు, చెయ్యెత్తుతారు. ఎత్తితే పాడినట్టే. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతి కాబట్టి, చుట్టానికి చెప్పాలన్న ఆలోచనే విజయభాస్కర్‌కి రాలేదు.

సుశీల్ కుమార్ గంపల మధ్య నిలబడి, "మా జలాంతర్గామి ఉందే, ఇంత ఎత్తు!" అని చెయ్యెత్తాడు. పెంచల్ ధర పెంచాడు. "డాల్ఫిన్ నోస్ అయితే ఇంకా ఎత్తు!" అంటూ మళ్ళీ ఎత్తాడు.

"చెయ్యెత్తబాకన్నా!" అని విజయభాస్కర్ అరిచేలోగా పెంచల్ "మూడోసారి!" అనేసి, కానాగంత చేపల గంపను ఆయన కాళ్ళ ముందుకు నెట్టాడు.

"ఇదేంటి? నాకెందుకు?" అన్నాడు సుశీల్ కుమార్.

"నువ్వే గదన్నా పాడినావు" అన్నాడు పెంచల్. ఖాయమైన పాటను వెనక్కి తీసుకోవడం ఆ రేవులో లేదు.

విజయభాస్కర్‌కి ముచ్చెమటలు పోశాయి. చుట్టాన్ని పిలిచి చేపలు అంటగట్టాడన్న మాట విశాఖ దాకా పాకుతుంది. "డబ్బులు నేను కడతా, ఇంటికి పోదాం పదన్నా" అని బతిమాలాడు. కానీ పక్కనే చేపలమ్ముతున్న ఆదిశేషమ్మ ఊరుకుంటేనా!

"ఏందయ్యా, కొన్న సరుకు అమ్ముకోను చేతగాదా?" అంది.

సుశీల్ కుమార్‌కి రోషం పొడుచుకొచ్చింది. పెంచల్ చేతిలో డబ్బులు పెట్టి, ప్యాంటు మడిచి ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తన ఊరిని పొగిడి పొగిడి అలవాటైన నోరు, చేపలకు పనికిరాకపోతుందా? "ఆ కళ్ళు చూడమ్మా, ఎలా మెరుస్తున్నాయో! ఇలాంటి చేప మా విశాఖలో ఉందా?" అన్నాడు. విజయభాస్కర్ తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. ఆదిశేషమ్మ పడీపడీ నవ్వింది. జనం మూగారు.

ఎండ ముదరకముందే గంప ఖాళీ అయింది. విజయభాస్కర్ ఆటో స్టార్టు చేసి, "రా అన్నా, పోదాం" అన్నాడు.

సుశీల్ కుమార్ చేతికంటిన పొలుసులు చూసుకుంటూ, "అప్పుడే అయిపోయిందా? భలే బాగుందయ్యా! రేపు పాట ఎన్నింటికి?" అన్నాడు.

విజయభాస్కర్ ఆటో ఆపేశాడు. ఫేబీకి ఫోన్ కలిపి, దాన్ని ఆయన నోటి దగ్గర పెట్టాడు.

"ఇంకోసారి చెప్పన్నా."