కాప్రిస్‌కి టేకు చెక్కలు

వడ్ల నర్సింగ్‌ను ఖతర్‌లో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది చూశారు, ఫోన్‌లో. ఒక పొడుగాటి అమెరికా కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని తలుపులకు బిగించిన టేకు చెక్కలను ఒక్కొక్కటీ ఊడదీస్తుంటాడు. వెనకాల ఎవరో పగలబడి నవ్వుతుంటారు. ఆ వీడియోలో చెక్కకు రెండో కొస పట్టుకున్న చెయ్యి ఒకటి మోచేతి దాకా కనిపిస్తుంది. అది నాది. అందుకే నర్సింగ్ గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి, నేను చెప్పేది వినండి.

కోరుట్ల పక్క పల్లె ఆయనది. ఇంటిపేరు వడ్ల, వాళ్ళ తాతలనాటి నుంచీ పని కూడా అదే. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో పాత దర్వాజా ఏదున్నా అది మా నాయన చేసిందేనని చెప్పుకునేవాడు. పదహారేళ్ళ కింద కార్పెంటర్ వీసా మీద ఇక్కడికొచ్చాడు. వచ్చాక తెలిసింది, ఇక్కడ కార్పెంటర్ అంటే షట్టరింగ్ కార్పెంటర్ అని. ప్లైవుడ్ పలకలకు మేకులు కొట్టి పెట్టె కడతారు. అందులో కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడగానే పలకలు పీకి అవతల పడేస్తారు. అంతే పని.

"పదారేండ్లాయె బాషా, నేను జేసింది ఒక్కటన్న నిలవడ్డదా? పొద్దుగాల కొడుత, మూడొద్దులకు పీకుతరు" అనేవాడు.

నాకు ఆయన అబూ హమూర్ మార్కెట్లో పరిచయం. పచ్చిమిరపకాయలు ఏరుతూ అమ్మేవాడిని తెలుగులో తిడుతున్నాడు. మాది కదిరి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పెయింటర్‌ని. తెలుగు వినబడితే ఆగుతాను. అప్పటికే ఆయనకు యాభై దాటాయి, కుడి భుజం పైకి లేవడం లేదు. ఎండలో ఇంకో రెండేళ్ళు సుత్తి కొట్టలేనని, నీడపట్టున చెక్కపని ఏదైనా ఉంటే చూడమని నన్ను బతిమాలాడు. చూస్తానన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

మా గ్యారేజీకి అప్పుడే ఆ బండి వచ్చింది. ఎనభై అయిదు మోడల్ కాప్రిస్ వ్యాగన్. మన అంబాసిడర్లు రెండు వరసగా పెడితే అంత పొడుగు. వెనక డిక్కీలో ఇంకో సీటు ఉంటుంది, అందులో కూర్చున్న పిల్లలకు ముందుకు కాదు, వెనక్కి వెళ్ళిపోయే రోడ్డు కనిపిస్తుంది. మదీనత్ ఖలీఫాలో ఉండే అద్నాన్ అనే ఖతరీ ఆయనది. వాళ్ళ నాన్న ప్రతి శుక్రవారం ఎనిమిది మంది పిల్లల్ని దాంట్లో కుక్కి అల్ రువైస్‌కు చేపలు పట్టడానికి తీసుకెళ్ళేవాడట. నాన్న పోయాక బండి తోటలో ఇరవై ఏళ్ళు ఎండకు పడి ఉంది. చలికాలంలో పాత కార్ల ప్రదర్శన ఉందని, ఆ రోజుకి బండి తన చిన్నప్పుడు ఎట్లా ఉండేదో అట్లాగే ఉండాలని అద్నాన్ పట్టుబట్టాడు.

డిక్కీ కింద చెక్క నేల కుళ్ళిపోయింది. దాన్ని మార్చడానికి నర్సింగ్‌ను నేనే పిలిపించాను. ఆయనకు శుక్రవారం సెలవు. ఆ రోజు మాకు కొత్త బండ్లు రావు కాబట్టి ఈ పాత బండి పని అప్పుడే చేసేవాళ్ళం.

నేల ఒక్క పూటలో వేసేశాడు. వేసి, బండి చుట్టూ తిరిగాడు. పక్కలన్నీ బోడిగా ఉన్నాయి, ఎండిపోయిన జిగురు మరకలు తప్ప ఏమీ లేదు. గోడకు అద్నాన్ ఇచ్చిన ఫోటో అంటించి ఉంది. అందులో వాళ్ళ నాన్న బండికి ఆనుకుని నిలబడ్డాడు, బండి పక్కలంతా చెక్క. నర్సింగ్ ఆ ఫోటోకు ముక్కు ఆనించి చూశాడు.

"నడుమ పలక టేకు. సుట్టు పట్టీ ఏదో తెల్ల కర్ర. ఎవడో లంగ మంచిగ పీక్కపోయిండు. నేను మల్ల పెడుత" అన్నాడు.

మా ఫోర్‌మన్ లియాఖత్ అలీది హైదరాబాదు. నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. సంగతేమిటంటే ఆ కారు పక్కలకు చెక్క ఎప్పుడూ లేదు. అమెరికావాడు రేకు మీద చెక్క గీతలున్న ప్లాస్టిక్ స్టిక్కర్ అంటించాడు. ఎండకు అది పొరలు పొరలుగా లేచి రాలిపోయింది. కొత్త స్టిక్కర్ చుట్ట అమెరికా నుంచి రావాలి, అది ఓడలో ఎక్కడో ఇరుక్కుంది. గ్యారేజీలో ఈ విషయం తెలియనిది నర్సింగ్ ఒక్కడికే.

"పెట్టు మియా, పెట్టు. నీ అసొంటి కారీగర్ మాకు యాడ దొరుకుతడు. ఈ బండి అయిపోనీ, అర్బాబ్‌కు చెప్పి నిన్ను గ్యారేజీలకే తీస్కుంట" అన్నాడు లియాఖత్. అర్బాబ్ అంటే మా గ్యారేజీ యజమాని.

ఎందుకన్నాడంటారా? మేమంతా ఆయన నోటికి విసిగిపోయి ఉన్నాం. వచ్చిన మొదటి రోజు నుంచే మా పనికి వంకలు పెట్టాడు. సొట్టలు తీసే బాసిత్‌ను పట్టుకుని, "నీ సుత్తె సప్పుడు ఇనొస్తుంది గని సొట్ట పోతలేదేంది" అన్నాడు. నా దగ్గరకొచ్చి, "బాషా, రంగేస్తున్నవా సున్నమేస్తున్నవా" అన్నాడు. అందుకని, చూద్దాం ఈయన పనితనం కూడా అనుకున్నాం.

ఆరు శుక్రవారాలు చేశాడు. గ్యారేజీ వెనక ఏదో పడగొట్టిన ఇంటి పాత తలుపులు ఉంటే వాటిని కోశాడు. చెయ్యి పైకి లేవదు కదా, పలకను నేల మీద పరిచి, మోకాళ్ళ మీద వంగి రందాతో చిత్రిక పట్టేవాడు. కారు పక్క కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ వంపు రావడానికి పలకల మీద తడి గోనెలు కప్పి, మరిగే నీళ్ళు పోసి, బరువులు పెట్టి వంచాడు. అతుకుల్లో పోస్ట్‌కార్డు దూరదు. నేను చేతితో తడిమి చూశాను. నిజం చెప్పాలంటే అంత మంచి పని ఆ గ్యారేజీలో అంతకు ముందు జరగలేదు.

మేం మాత్రం టీ తాగుతూ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

"టేకేనా, రోజ్‌వుడ్ దొరకలేదా ఉస్తాద్?" అని బాసిత్ అడిగితే, నర్సింగ్ పని ఆపి ఆ రెంటికీ తేడా ఏమిటో అరగంట చెప్పాడు. బాసిత్ ఏమీ తెలియనట్టు తలాడించాడు.

ఆరో వారం వచ్చి, కంపెనీకి రాజీనామా కాగితం ఇచ్చేశానన్నాడు. నెల రోజుల నోటీసు, ఆ తర్వాత మా గ్యారేజీలోనే అన్నాడు. "క్యాంప్ బాస్‌కు చెప్పిన, నీ ప్లైవుడ్ నువ్వే కొట్టుకో అని." నేను లియాఖత్ వైపు చూశాను. అర్బాబ్‌తో ఆయన ఒక్క ముక్క కూడా మాట్లాడలేదని నాకు తెలుసు. లియాఖత్ గ్లాసులోకి చూస్తూ, "ఇన్షా అల్లా" అన్నాడు.

బిగించే రోజు కూడా శుక్రవారమే. లియాఖత్ జిగురు ట్యూబులు ఇచ్చాడు. పైపైన అతికిస్తే సాయంత్రం అద్నాన్ చూసి ఒకసారి నవ్వుకుంటాడు, తర్వాత పీకేయొచ్చు అని ఆయన లెక్క. మేం ముగ్గురం జుమా నమాజుకు పోయాం. నర్సింగ్ ఒక్కడే ఉన్నాడు.

నమాజయ్యాక వాళ్ళిద్దరూ బిర్యానీకి ఆగారు. నేను ముందుగా వచ్చాను. గేటు దగ్గరికే డ్రిల్లు చప్పుడు వినిపించింది. జిగురు ట్యూబుల మూతలు కూడా తియ్యలేదు. ముందు తలుపు నుంచి వెనక చక్రం దాకా, ఎడమ పక్కంతా నేను ప్రైమర్ వేసిన రేకుకు వరసగా బెజ్జాలు. వాటిలో ఇత్తడి స్క్రూలు బిగించి, స్క్రూ తలలు కనబడకుండా పైన చిన్న చిన్న టేకు బిళ్ళలు కొట్టాడు.

"జిగురుతోని అతికిస్తే గది పనా? మనం పోయినంక గుడ ఉండాలె" అన్నాడు నన్ను చూసి. "బాషా, గా వైరు జర ఇటు లాగు. కుడి పక్క షురు జేద్దాం."

కుడి పక్క రేకుకు అప్పటికి ఒక్క బెజ్జం కూడా పడలేదు. ఒక్క మాట చెబితే ఆ పక్కైనా మిగిలేది, ఆ మనిషికి సగం తిట్లే పడేవి. పొద్దున్నే నా ప్రైమర్ చూసి, మా ఊర్ల బర్రెల కొట్టానికి ఇంతకన్నా మంచిగేస్తరు అన్నాడు. అది ఇంకా నా చెవిలోనే ఉంది. వైరు లాగాను. పలక జారకుండా రెండో కొస కూడా పట్టుకున్నాను.

లియాఖత్ వచ్చేసరికి రెండు పక్కలూ అయిపోయాయి. జిగురే అనుకున్నాడు. కడుపు పట్టుకుని నవ్వి అద్నాన్‌కు ఫోన్ చేశాడు.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత అద్నాన్ ముగ్గురు స్నేహితులతో వచ్చాడు. నర్సింగ్ చొక్కా మార్చుకుని, తల తడిపి దువ్వుకుని నిలబడ్డాడు. అద్నాన్ బండి చుట్టూ మెల్లగా నడిచాడు. ఒక పలక మీద అరచెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు. నర్సింగ్ నా వైపు తిరిగి కళ్ళెగరేశాడు, చూసినవా అన్నట్టు.

స్నేహితుల్లో ఒకడు వేలు మడిచి తలుపు తట్టినట్టు చెక్క మీద తట్టాడు. "ఎవరున్నారు లోపల? తాళం చెవి ఏది?" అని హిందీలో అడిగాడు. అందరూ నవ్వారు. ఏం అర్థంకాక నర్సింగ్ కూడా నవ్వాడు.

అద్నాన్ నవ్వలేదు. ముందు చక్రం దగ్గర ఒక మూల చూపించాడు. "ఇక్కడ ప్లాస్టిక్ కొంచెం లేచి ఉండేది. నేను గోటితో గీకేవాణ్ణి. మా బాబా నా చేతి మీద కొట్టేవాడు" అన్నాడు, హిందీలోనే. "నాకు ఆ మూల కావాలి. ఇది ఎవరింటి తలుపు?"

నర్సింగ్ ముందుకొచ్చాడు. "సాబ్, ఏ అస్లీ హై. అస్లీ టేక్" అన్నాడు.

"దీనికి అస్లీ ప్లాస్టికే, దోస్త్" అన్నాడు అద్నాన్. "తియ్యి."

లియాఖత్ చొరవగా వెళ్ళి ఒక పలకను లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. అప్పుడు కనిపించాయి ఆయనకు, అంచు పొడుగునా టేకు బిళ్ళలు. అద్నాన్ వంగి, లాగినచోట కొంచెం లేచిన పలక సందులోంచి ఫోన్ లైటు వేసి చూశాడు. వాళ్ళ నాన్న అన్నేళ్ళు నడిపినా ఆ బండికి ఒక గీత కూడా పడలేదని ఆయన గర్వం. ఎవరు చేశారని అడిగాడు, గొంతు పెంచలేదు.

"వీడే సాబ్. బయటోడు. నేను నమాజుల ఉన్నప్పుడు చేసిండు. నేను జిగురు ఇచ్చిన, అడగండి" అన్నాడు లియాఖత్.

నర్సింగ్ నా వైపు చూశాడు. "బాషా, నువ్వు చెప్పు. నువ్వు ఉన్నవు గద."

"నేనూ నమాజుకు పోయుంటినన్నా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన బిగించింది ఆయన చేతనే తీయించారు. టేకు బిళ్ళలు జిగురు పెట్టి కొట్టినవి, ఊరికే రావు. ఒక్కొక్క దాన్ని ఉలితో పగలగొట్టి, లోపలి స్క్రూ విప్పాలి. గంటన్నర పట్టింది. స్నేహితులు కుర్చీలు తెప్పించుకుని, కరక్ చాయ్ తాగుతూ వీడియో తీశారు. "యల్లా, యల్లా, ఇంట్లోవాళ్ళు చలికి వణుకుతున్నారు, తలుపు తొందరగా ఇవ్వు" అని ఒకడు అరిచాడు. అంత జరుగుతున్నా నర్సింగ్ పలకల అంచులు విరగకుండా జాగ్రత్తగా తీసి, గోడకు వరసగా ఆనించాడు. పలక బరువుకు ఆయన భుజం ఆగక జారుతుంటే రెండో కొస పట్టుకోమని లియాఖత్ నాకు సైగ చేశాడు. పట్టుకున్నాను.

మర్నాటికల్లా వీడియో అన్ని గ్రూపుల్లోకీ వెళ్ళింది. మూడో రోజుకి కోరుట్ల చేరింది. ఆయన భార్య సునంద ఫోన్ చేసినప్పుడు నేను లేబర్ క్యాంపులో ఆయన మంచం మీదే కూర్చుని ఉన్నాను.

"ఏందయ్యో, దుబాయ్‌ల కారుకు దర్వాజ పెట్టినవంట. కిరాణం కాడ అందరు సూస్తున్రు" అంది. ఊళ్ళోవాళ్ళకు గల్ఫ్‌లో ఎక్కడైనా దుబాయే.

"నేను గాదది. నా అసొంటోడు ఇంకొకడు."

"చెయ్యి సూస్తె ఎర్కైతలేదా నాకు?"

ఆయన ఫోన్ పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కంపెనీకి వెళ్ళి రాజీనామా వెనక్కిమ్మని అడిగాడు. క్యాంప్ బాస్ అప్పటికే వీడియో చూశాడు. "మాఫీ, ఇక్కడ పనేం లేదు. నీ ప్లైవుడ్ నువ్వే కొట్టుకో అన్నావు కదా" అని ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాడు. ఆయన జాగాలో పాతికేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు వచ్చేశారు. మా గ్యారేజీకి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ లియాఖత్ లోపలుండి లేడనిపించాడు. ఆ లేడని చెప్పింది కూడా నేనే.

స్టిక్కర్ చుట్ట ఆ తర్వాతి వారం దిగింది. బాసిత్ బెజ్జాలు వెల్డింగ్ చేశాడు, నేను పుట్టీ పెట్టి రంగేశాను. స్టిక్కర్ అంటించడానికి సబ్బునీళ్ళు, ఒక ప్లాస్టిక్ ముక్క, మూడు గంటలు, అంతే పట్టింది. అద్నాన్ వచ్చి ముందు చక్రం దగ్గర మూలను గోటితో కొంచెం లేపాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మా అందరితో చేతులు కలిపాడు.

నోటీసు నెల అయిపోయి నర్సింగ్ ఊరికి వెళ్ళే రోజు మధ్యాహ్నం క్యాంప్ గేటు దగ్గరికి పోయాను. ఒక పెట్టె, ఒక సంచి. బస్సు కోసం గోడ నీడలో కూర్చున్నాడు. ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. ఊళ్ళో ఏం చేస్తావన్నా అని అడిగితే, మెట్‌పల్లిలో ఎవరో సోఫాలు చేస్తారట, అడుగుతా అన్నాడు. భుజం సంగతి నేను ఎత్తలేదు.

బస్సు మలుపు తిరుగుతుంటే అడిగాడు.

"బాషా, ఒకటి అడుగుత, నిజం జెప్పు. అది స్టిక్కరని నీకెర్కేనా?"

"తెలీదన్నా" అన్నాను.

తలూపాడు. పెట్టె ఎత్తబోతే భుజం పట్టేసింది, నేను అందుకున్నాను.

"నీకు తెల్వదని నాకెర్కే. తెలిస్తే నువ్వన్న చెప్పేటోనివి" అని, నా వీపు తట్టి బస్సెక్కాడు.