నాంపల్లి మేడ పునాదిలో తగ్గించిన ఇనుము

అరవైలలో నేను అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకు కాస్త అవతల, భవనాలకు డిజైన్లు వేసే ఒక ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరును. మా పెద్దసారు మంచివారే కానీ, ఇనుము దగ్గర ఆయన చెయ్యి ఆగేది కాదు. లెక్క చెప్పినదానికి పైన కొంత, దాని పైన ఇంకొంత వేసేవారు. ఎందుకో మా అందరికీ తెలుసు. ఆయన వయసులో ఉన్నప్పుడు కట్టించిన ఒక ఇల్లు వానలకు ఒరిగి, గోడ కింద ఒక మనిషి పోయాడట.

ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం వ్యాపారం చేసే సేటు ఒకాయన నాంపల్లి స్టేషన్ దగ్గర మేడ మొదలుపెట్టాడు. కింద దుకాణాలు, పైన కిరాయి ఇళ్లు. పునాది డ్రాయింగు పెద్దసారు గీశారు. పని చూసుకోవడం నా వంతు.

మొదటి పునాది పోసి, పక్క చెక్కలు విప్పించి, వంగి చూశాను. కడ్డీలు ఎంత ఇరుకుగా ఉన్నాయంటే కంకర వాటి మధ్య నుంచి కిందికి దిగనే లేదు. పైకి నున్నగా ఉంది. కిందంతా తేనెపట్టులా గూళ్లు పడి ఇనుము బయటికి కనిపిస్తోంది. సుత్తితో కొడితే బోలు చప్పుడు.

పక్క గుంటలోకి దిగి గడ్డపారతో నేలను పొడిచాను. దిగలేదు. గట్టి మొరం, గులకరాళ్లు కలిసిన ఎర్రనేల. పెద్దసారేమో అక్కడ మెత్తటి రేగడి ఉంటుందనుకుని లెక్క కట్టారు. నేల గట్టిదైతే అంత వెడల్పు పునాది అక్కర్లేదు. వెడల్పు తగ్గితే అంచులు వంగుతాయన్న భయమూ తగ్గుతుంది, అన్ని కడ్డీలతో పనే ఉండదు. ఇంటికి పోయి ఆ లెక్కే తిప్పితిప్పి చేశాను. అన్నం ముందు కూర్చున్నా నా వేలు కంచంలో కడ్డీలు గీస్తోంది.

"ఏంది బిడ్డా, కూర మంచిగ లేదా?" అంది అమ్మ.

మర్నాడు కొత్త డ్రాయింగు సారు ముందు పెట్టాను. "సార్, ఇనుము చానా తగ్గియ్యొచ్చు. తగ్గిస్తెనే కాంక్రీటు కిందికి దిగుతది."

ఆయన కాగితం వైపు చూడనైనా లేదు. "తగ్గిచ్చుడంటే నీకు ఆట లెక్క ఉన్నదా? రేపు ఏమన్నయితే ఎవలు జవాబు చెప్తరు?"

"గిట్లనే ఉంచితెనే ఏమన్నయితది సార్. ఒక్కసారి వచ్చి చూడున్రి."

ఆయన నాతో రిక్షా ఎక్కి నాంపల్లి వచ్చారు. గుంటలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక గూటిలో వేలు పెట్టారు. వేలు మొత్తం లోపలికి పోయింది.

"దీన్ని పగలగొట్టిచ్చి, నీ డ్రాయింగు లెక్కనే పోపియ్యి" అన్నారు, లేస్తూ. "కాని ప్రతి గుంటల మొరం తగిలిందని నువ్వే చూసి నాకు చెప్పాలె."

ఈసారి సేటు అడ్డుపడ్డాడు. "నా బిల్డింగుకే ఇనుము తక్కువ చేస్తరా సారూ? ఎక్కువుంటె మంచిదే గద!"

పెద్దసారు నవ్వకుండానే అన్నారు: "సేట్‌సాబ్, పల్లీపట్టీల బెల్లం పల్లీల నడుమకు పారాలె. వట్టి పల్లీలే కుక్కితె పట్టుకుంటదా?"

సేటు తలూపి, "ఔ, గది నిజమే" అన్నాడు.

మేడ లేస్తున్నకొద్దీ నాకు స్థిమితం పోయింది. ఒక్కో అంతస్తు చేరుతుంటే ఆ బరువు నా గుండెల మీదే పడుతున్నట్టుండేది. వానలు పట్టాయి. ఒకరోజు సేటు మనిషిని పంపాడు. కింది దుకాణం గోడలో పగులు. నేను పరుగెత్తాను. సన్నటి గీత, గడప పక్క నుంచి ఏటవాలుగా పైకి పోయింది.

పెద్దసారు వచ్చి, పగులుకు అడ్డంగా ఒక సన్నటి గాజు ముక్కను సిమెంటుతో అతికించారు. "గోడ కదిలితె గాజు పగుల్తది. పగలకపోతె వట్టి పూత ఎండిన గీతే. ఇగ చూసుకుంట ఉండు."

అప్పుడప్పుడు చూసి ఊరుకోవడం నా వల్ల అయ్యే పనా? పొద్దున లేవగానే నాంపల్లి, ఆఫీసు విడవగానే నాంపల్లి. రైలు కూత వినపడితే ఆ అదురుకు గాజు చిట్లిందేమోనని గుండె ఝల్లుమనేది. ఒక పొద్దున మోకాలి లోతు నీళ్లలో నడిచి అక్కడికి చేరేసరికి, దుకాణం లోపల గొడుగు మూసి పట్టుకుని, గాజుకు ముఖం ఆనించి ఎవరో నిలబడి ఉన్నారు. పెద్దసారు.

నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. "నువ్వు గూడనా?"

"రోజూ వస్తున్న సార్. మీరు?"

"నిద్ర పడ్తలేదు" అన్నారు, గాజు మీది నుంచి కళ్లు తీయకుండా. ఇద్దరం చాలాసేపు అక్కడే ఉండిపోయాం.

వానలు వెళ్లిపోయేదాకా గాజు చెక్కుచెదరలేదు. సేటు పగులు పూయించి సున్నం కొట్టించాడు. తరువాత కూడా పెద్దసారు ఇనుము కాస్త ఎక్కువే వేసేవారు. కాకపోతే పెన్సిలు పట్టే ముందు నా వైపు చూసి, "ముందుగాల పోయి నేల తవ్విచ్చి చూసి రా" అనేవారు.