మిగిలిన నీళ్ళు

నీళ్ళాయన అంటే ఆ ఊళ్ళో ఒక్కడే. పురపాలక కార్యాలయం ట్యాంకర్ నడిపి నడిపి అసలు పేరు పోగొట్టుకున్నాడు. మనిషి మంచివాడే గానీ మహా పిరికివాడు. పై అధికారి దగ్గితే ఈయనకు జ్వరం వచ్చేది.

ఆయన ఇల్లు కంకర లారీలు తిరిగే రోడ్డు మీద ఉంది. రెండు గదులు, ఒక్క కిటికీ. కిటికీ పక్కన మంచం మీద ఆయన భార్య. దుమ్ము పీల్చి పీల్చి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇల్లు మారమన్నాడు డాక్టరు, చొక్కా మార్చుకోమన్నంత తేలిగ్గా. అంతలో కార్యాలయం వాళ్ళు రోడ్డు పొడవునా మొక్కలు నాటారు. “ఇవి ఎదిగితే దుమ్ము లోపలికి రాదయ్యా” అంది ఆమె. ఆ రోజు నుంచి ఆమె ప్రాణాలన్నీ ఆ మొక్కల మీదే.

నాటడం ఒక శాఖ పని, నీళ్ళు పోయడం ఇంకో శాఖ పని. ఆ రోడ్డు ట్యాంకర్ తిరిగే దారిలో లేదు. దారిలో లేని చోట కుళాయి తిప్పితే ఉద్యోగం ఊడుతుంది. మిగిలిన నీళ్ళకు ఇంకో రూలుంది. సాయంత్రం ట్యాంకులో నీళ్ళు మిగిలితే, నీకు అవసరం లేదన్నమాటేగా అని మర్నాటి కోటా కోసేస్తారు. అందుకని డ్రైవర్లందరూ షెడ్డు వెనక మురిక్కాలవలో వదిలేసేవాళ్ళు. నీళ్ళాయన కూడా వదిలాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ రెండు శాఖలవాళ్ళూ పక్కపక్క గదుల్లోనే కూర్చుంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

“నీళ్ళ బండి నడిపేవాడి ఇంటిముందు మొక్కలు దాహంతో చస్తున్నాయి. నవ్వాలా, ఏడవాలా?” అంది భార్య ఒక రోజు. నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

ఆ సాయంత్రం ఆయన బండిని షెడ్డుకు తిప్పలేదు. ఇంటి ముందు ఆపి, మిగిలిన నీళ్ళన్నీ మొక్కలకు వదిలాడు. తరవాత రోజూ అదే దొంగతనం. అప్పటికే ఎండినవి ఎండిపోగా, కిటికీ ఎదురుగా నాలుగు చిగురు పెట్టాయి. ఏడాది తిరిగేసరికి కిటికీ అంత ఎత్తు పెరిగాయి. ఆమె వాటిని పెద్దాడు, నడిపోడు, చిన్నాడు అని పిలిచేది. నాలుగోది అమ్మాయట.

ఒక రోజు మొక్కలు నాటే శాఖ అధికారి షెడ్డుకొచ్చాడు.

“నువ్వుండేది ఆ కంకర రోడ్డులోనేగా? మేం నాటినవాటిలో ఏమన్నా బతికాయా?”

బతికాయంటే, నీళ్ళెవరు పోశారని అడుగుతారు.

“ఏం బతుకుతాయండీ, అన్నీ ఎండిపోయాయి” అన్నాడు నీళ్ళాయన.

“మంచిదైంది!” అన్నాడు అధికారి. నిజంగానే సంతోషించాడు. చచ్చినచోట మళ్ళీ నాటడానికి డబ్బొస్తుంది. బతికినవాటికి ఏ శాఖా పైసా విదల్చదు.

తొలకరికి కూలీలు దిగారు. ఆయన పరుగున వచ్చేసరికి మేస్త్రీ మూడో మొక్కను పీకుతున్నాడు.

“ఆగవయ్యా! పచ్చగా ఉంది, కళ్ళు కనబడట్లేదా?”

“కనబడుతోందన్నా. కానీ ప్రతి గుంతలోనూ కొత్తది పెట్టమన్నారు. పాతవన్నీ చచ్చిపోయాయని ఎవరో చెప్పారంట.”

కిటికీలోంచి భార్య అరుస్తోంది, అరవగలిగినంత. “చెప్పవేంటయ్యా! నువ్వే నీళ్ళు పోసి పెంచావని చెప్పు!”

చెబితే ఉద్యోగం పోతుంది, దాంతో ఆమె మందులూ పోతాయి. చెప్పకపోతే ఆమె ఊపిరే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన అలా నిలబడి ఉండగానే అమ్మాయిని కూడా వేళ్ళతో సహా లాగి లారీలో పడేశారు.

మర్నాడు కొత్త మొక్కలకు ప్రారంభోత్సవం. పెద్దలొస్తున్నారని ఆ ఒక్క రోజుకూ ఆ రోడ్డుకు నీళ్ళు మంజూరయ్యాయి. ట్యాంకర్ ఆయన ఇంటి ముందే ఆగింది.

“ధారాళంగా పొయ్యవయ్యా, ఎందుకంత పిసినారితనం!” అన్నాడు అధికారి నవ్వుతూ.

నీళ్ళాయన జానెడు మొక్కల మీద పైపు పట్టుకున్నాడు. లోపల్నించి దగ్గు వినబడుతూనే ఉంది. ఆయన తలెత్తి చూశాడు. కిటికీ మూసి ఉంది.