అక్క కారు, మూడో ప్లగ్గు

మొన్న మా కారు కుదుపులు పెడుతుంటే గద్వాలలోనే ఒక షెడ్డుకు తోలుకుపోయాను. మెకానిక్కు అరచేతిలో పట్టే యంత్రమేదో తగిలించి, తెర చూసి, "సార్, మూడో సిలిండర్ కొడ్తలేదు" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వాడి తప్పేమీ లేకపోయినా ఒళ్లు మండింది. అదే రోగం కనిపెట్టడానికి ఒకప్పుడు నాకు నాలుగు నెలలు పట్టింది.

రెండువేల ఆరో ఏడో అనుకుంటా, మా అక్కకు కిడ్నీలు రెండూ పాడైనాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి రెండుసార్లు ఇటిక్యాల నుంచి కర్నూలు దవాఖానకు పోవాలి. బస్సులో కూర్చోలేకపోతుందని బావ ఒక పాత చిన్న కారు కొన్నాడు, మూడు సిలిండర్లది. దాని బాగోగులకు నేను. ఊళ్లో నాలుగు డీజిల్ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి కదా, నన్ను పట్టేవాళ్లు లేరు. "షెడ్డు గిడ్డు ఎందుకు బావా, నేన్లేనా?" అన్నాను. ఆ నోటి మీద కొట్టాలి.

కొన్నాళ్లు బాగానే నడిచేది, ఉన్నట్టుండి ఒకరోజు కుంటేది. నన్ను పిలిపించేవాళ్లు. ఇంటి ముందే స్టార్టు చేయించి, ఒక్కో ప్లగ్గు వైరు పీకి చెవి పెట్టేవాణ్ణి. మొదటిది పీకితే చప్పుడు మారేది, రెండోది పీకినా మారేది. మూడోది పీకితే ఏ మార్పూ లేదు, అంటే చచ్చింది అదే. ప్లగ్గు మార్చాను, వైరు మార్చాను. మార్చినప్పుడల్లా ప్లగ్గు కూర్చునే గుంతను గుడ్డతో తుడిచేవాణ్ణి, బండి బాగయ్యేది. గుడ్డకు ఎర్రగా అంటితే తుప్పు అనుకున్నాను. అంతటి మొనగాణ్ణి!

ఒకసారి ఎర్రవల్లి చౌరస్తా దాటాక పూర్తిగా ఆగిపోయింది. లారీ పట్టుకుని దవాఖాన చేరేసరికి అక్క వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాటిదాకా ఆయాసంతో పడుకోలేక కూర్చునే ఉంది. పైగా నన్నే ఓదార్చింది. "పోనీలే తమ్మీ, మిషన్ల తప్పుకు నువ్వేం జేస్తవ్" అంది.

ఆ తర్వాతి అమావాస్య పొద్దున ఇటిక్యాల పోయాను. బానెట్ ఎత్తి ఉంది. వాచిన కాళ్లతో అక్క పీట మీద నిలబడి, పసుపు కుంకుమ కలిపిన నీళ్లు చెంబుతో ఇంజన్ మీద పోస్తోంది. పక్కన బావ చేతులు జోడించుకుని ఉన్నాడు. మా వైపు అమావాస్యకు బండి ముందు కొబ్బరికాయ కొట్టడం మామూలే. అక్కది వేరే లెక్క. "పానం ఇంజన్ల ఉంటది గద, టైర్లకు మొక్కితే ఏమొస్తది?" అనేదట. బండి మొరాయించినకొద్దీ ఇంకో చెంబు ఎక్కువ పోసిందట. ఆ నీళ్లన్నీ ప్లగ్గు మీది రబ్బరు టోపీ చినిగిన మూడో గుంతలోకే పోయి నిలిచి, నిప్పురవ్వ రాకుండా చేశాయి.

ఆపుకోలేకపోయాను. "నువ్వే అక్కా! ఇన్ని దినాలు బండిని ఆపింది నువ్వే! నీ పసుపు నీళ్లే!" అని అరిచాను.

చెంబు కింద పెట్టింది. "నేనా, తమ్మీ?" అంది. అంతే, గోడ పట్టుకుని లోపలికి పోయింది.

ఆ రోజే గుంత ఆరబెట్టి కొత్త టోపీ వేశాను. కారు మళ్లీ తడబడలేదు. అక్కే మారిపోయింది. బయలుదేరే ముందు ప్రతిసారీ "పోతదా?" అని భయంగా అడిగేది. తప్పిపోయిన ఆ వంతు తన చేతులారా చేసుకున్నదేనని బావతో అన్నదట. కాదని ఎన్నిసార్లు చెప్పినా తలూపేది, నమ్మేది కాదు. ప్లగ్గు నాసిరకందని ఆ పొద్దున ఒక్క అబద్ధం ఆడితే నా సొమ్మేం పోయేది? అంతకుముందు ఎన్ని ఆడలేదు!

దసరా దాటిన వారానికి అక్క కర్నూలులోనే పోయింది. ఆ కారులోనే ఇంటికి తెచ్చాం. బావ తోలాడు, వెనక సీట్లో అక్క తల నా ఒళ్లో ఉంది. మూడు సిలిండర్లూ ఒక్క చప్పుడుగా కొడుతూ, గతుకుల్లోనూ ఎత్తుల్లోనూ ఎక్కడా ఆగలేదు. ఒక్కచోట ఆగితే బాగుండు, ఇంకొంచెంసేపు ఇట్లాగే ఉందుము అనిపించింది. గంట ప్రయాణం అది. ఇన్నేళ్లయినా నాకు ఆ గంట పూర్తిగా గడవలేదు.